149 రోజులు, పదేళ్లు: ఇన్‌శాట్-1 ఉపగ్రహాల ఆయుష్షుపై ఒక కేస్ స్టడీ

ఉపగ్రహ నియంత్రణ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు మొదటి రోజు నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. "ఈ ఉపగ్రహం ఇంకా ఎన్నేళ్లు బతుకుతుంది?" దాదాపు అందరూ కాగితం తిరగేసి అక్కడున్న అంకె చదువుతారు. ఏడేళ్లు, పన్నెండేళ్లు, పదిహేనేళ్లు. "ట్యాంకులో ఎన్ని కిలోలు మిగిలింది సార్?" అని నన్నే ఎదురు అడిగినవాళ్లు ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరూ తర్వాత మంచి ఆపరేటర్లయ్యారు.

ఆ ప్రశ్న తర్వాత నేను చెప్పే పాఠం ఎప్పుడూ ఇదే కేసు. ఎనభైల మొదట్లో మన దేశం కోసం పైకి పంపిన ఇన్‌శాట్-1ఎ, ఇన్‌శాట్-1బి. ఒకే కార్ఖానాలో, ఒకే నమూనా మీద తయారైన అక్కచెల్లెళ్లు. ఆకాశంలో రెండింటికీ కేటాయించిన చోటు కూడా ఒకటే, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం. రెండింటి కాగితాల మీదా ఏడేళ్ల ఆయుష్షే రాసి ఉంది. పెద్దది 149 రోజులు బతికింది. చిన్నది దాదాపు పదేళ్లు బతికింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే మా వృత్తిలో సగం తెలిసినట్లే. ఆ పదేళ్లలో ఒక వారానికి మా ఊళ్లో ఎంత విలువ ఉందో నాకు స్వయంగా తెలుసు. అది చివర్లో చెబుతాను.

ఒకే ఉపగ్రహం, మూడు పనులు

అప్పటికి చాలా దేశాలు టెలిఫోన్లకు ఒక ఉపగ్రహం, వాతావరణానికి వేరే ఉపగ్రహం పెట్టుకునేవి. మనం అన్ని పనులూ ఒకదానితోనే చేయించుకోవాలనుకున్నాం. అంతరిక్ష విభాగం, టెలికమ్యూనికేషన్ల విభాగం, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్ కలిసి చేసిన ఉమ్మడి సంసారం ఇన్‌శాట్. టెలిఫోన్లకూ టీవీ కార్యక్రమాల చేరవేతకూ 12 సి-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు (నేల నుంచి వచ్చిన రేడియో సంకేతాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు; సి, ఎస్ అనేవి రేడియో తరంగాల శ్రేణులు), నేరుగా ఊళ్లలోని టీవీలకు ప్రసారం చేయడానికి శక్తిమంతమైన రెండు ఎస్-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, మేఘాల చిత్రాలు తీయడానికి ఒక రేడియోమీటర్, మనిషి లేని వాతావరణ కేంద్రాల నుంచి సమాచారం అందుకోవడానికి మరో పరికరం. తయారు చేసింది అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్. నడిపేది మాత్రం మనవాళ్లే, కర్ణాటకలోని హసన్‌లో కట్టిన ప్రధాన నియంత్రణ కేంద్రం నుంచి.

ఈ ఆలోచన గాలిలోంచి ఊడిపడలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దడికి కట్టే ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నాలు మన పల్లెల్లోకి మొదట వచ్చింది అప్పుడే.

మూడు పనులూ ఒకదానిలో కుదించినందుకు ఒక మూల్యం చెల్లించాల్సి వచ్చింది. మేఘాల్ని పరారుణ కాంతిలో చూసే కన్ను అతి చల్లగా ఉండాలి. దాన్ని చల్లబరచడానికి ఉపగ్రహం ఉత్తరపు గోడ మీద ఒక రేడియేటర్ పెట్టి చీకటి ఆకాశం వైపు తెరిచి ఉంచాలి. ఆ పక్కన సోలార్ ప్యానెల్ ఉంటే దాని వేడి రేడియేటర్‌కు తగులుతుంది. అందుకని ఇన్‌శాట్-1కు ప్యానెళ్లు దక్షిణం వైపు మాత్రమే పెట్టారు. ఒంటి రెక్క పక్షి అన్నమాట.

సూర్యకాంతి కూడా తోస్తుంది. పది చదరపు మీటర్ల ప్యానెల్ మీద ఆ తోపు ఎంతంటే, ఒక బియ్యపు గింజ బరువులో పావు వంతు. నవ్వుకునేంత చిన్నది. కానీ అది రాత్రీ పగలూ ఒకే పక్కన పడుతూ ఉంటే ఉపగ్రహం మెల్లగా మెలిక తిరగడం మొదలవుతుంది. ఆ మెలికను సరిచేయడానికి లోపల తిరిగే చక్రం వేగం మార్చుకుంటూ పోతుంది. దానికీ ఒక హద్దు ఉంది. హద్దు దాటితే థ్రస్టర్ అనే చిన్న రాకెట్ వెలిగించాలి. థ్రస్టర్ వెలిగితే ఇంధనం పోతుంది. అందుకే ఉత్తరం వైపు బూమ్ అనే పొడవాటి కడ్డీ చివర ఒక సౌర తెరచాప అమర్చారు. త్రాసులో రెండో పళ్లెం లాంటిది. చూడ్డానికి అలంకారంలా కనిపించే ఆ తెరచాప నిజానికి ఉపగ్రహం ఆయుష్షులో ఒక భాగం.

1ఎ: తెరుచుకోని తెరచాప

1982 ఏప్రిల్ 10న కేప్ కెనావరల్ నుంచి డెల్టా రాకెట్ మీద ఇన్‌శాట్-1ఎ వెళ్లింది. కక్ష్యకు చేరాక మొదట సి-బ్యాండ్ యాంటెన్నా విచ్చుకోలేదు. కొన్ని రోజులు పట్టువదలకుండా ప్రయత్నించి దాన్ని తెరిచారు. సౌర తెరచాప మాత్రం ఎంత చేసినా తెరుచుకోలేదు.

ఆ క్షణం నుంచే అది మరో ఉపగ్రహం అయిపోయిందని నేను పిల్లలకు చెబుతాను. ట్రాన్స్‌పాండర్లు బాగున్నాయి, చిత్రాలు వస్తున్నాయి, బయటివాళ్ల కంటికి అంతా సవ్యంగా ఉంది. కానీ లెక్కల పుస్తకంలో రోజువారీ ఖర్చు పెరిగింది. జీతం అంతే ఉండి ఇంటి అద్దె పెరిగితే నెలాఖరు ఎలా ఉంటుందో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

ఇక్కడ మామూలు రోజుల ఖర్చు ఎంతో చెప్పుకోవాలి. భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకే చోట ఉన్నట్లు కనిపించే భూస్థిర ఉపగ్రహం కదలకుండా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. అది కదులుతూనే ఉంటుంది. చంద్రుడూ సూర్యుడూ లాగడం వల్ల దాని కక్ష్య ఏటా డిగ్రీలో ముప్పావు నుంచి డిగ్రీ దాకా ఒరిగిపోతుంది. సరిచేయడానికి ఏడాదికి సెకనుకు సుమారు 48 మీటర్ల వేగం మార్పు కావాలి. కక్ష్యలో 600 కిలోలుండే ఉపగ్రహానికి అది పది, పదకొండు కిలోల ఇంధనం. ఏడేళ్లకు డెబ్బై అయిదు కిలోలనుకోండి. తూర్పు పడమరల్లో జారిపోకుండా చూడటానికి అయ్యే ఖర్చు వేరు. ఆ విషయంలో మనది అదృష్టం. భూమి కచ్చితమైన గుండ్రం కాదు కాబట్టి భూస్థిర కక్ష్యలో రెండు చోట్ల పల్లం ఉంటుంది. ఒకటి దాదాపు 75 డిగ్రీల తూర్పు దగ్గర. మన 74 డిగ్రీల చోటు దాని పక్కనే ఉంది. గిన్నె అడుగున పెట్టిన గోలీ పక్కకు దొర్లదు కదా, అలాగ. కాబట్టి ఇన్‌శాట్‌కు ఇంధనం అంతా ఉత్తర దక్షిణాల సవరణకూ, ముఖం భూమి వైపు తిప్పి ఉంచడానికే. 1ఎ విషయంలో ఈ రెండో పద్దే మింగేసింది.

కానీ 1ఎ ప్రాణం పోయింది నెమ్మదిగా ఇంధనం కారి కాదు. అంతా రెండు రోజుల్లో జరిగిపోయింది.

ఉపగ్రహం ముఖం భూమి వైపే ఉందని తెలుసుకునేది ఎర్త్ సెన్సర్ ద్వారా. భూస్థిర కక్ష్య నుంచి చూస్తే భూమి పదిహేడు డిగ్రీల వెడల్పున ఒక వెచ్చని పళ్లెంలా ఉంటుంది. సెన్సర్ ఆ పళ్లెం అంచుల్ని తడుముకుంటూ మధ్య ఎక్కడో లెక్క కడుతుంది. అప్పుడప్పుడూ చంద్రుడు ఆ అంచు పక్కన వచ్చి నిలబడతాడు. వెచ్చగానే ఉంటాడు. సెన్సర్‌కు అది భూమి అంచో చంద్రుడో తేడా తెలియదు. ఆ సమయం ముందే తెలిస్తే అటువైపు చూపును కాసేపు ఆపేస్తాం. 1982 సెప్టెంబరు మొదటి వారంలో ఆ రాకను ముందుగా పసిగట్టలేదు. భూమి పట్టు తప్పింది. పట్టు తిరిగి తెచ్చుకునే పెనుగులాటలో థ్రస్టర్ల ఇంధనం ఖాళీ అయింది. సెప్టెంబరు 6న ఉపగ్రహాన్ని వదులుకున్నారు.

ఆ ఆగస్టు 15న దేశమంతటికీ రంగుల టీవీ వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి ఉపగ్రహం పోయింది.

ఈ కేసును కొందరు చంద్రుడి మీదకు నెట్టి ముగిస్తారు. నాకు అది నచ్చదు. చంద్రుడి గమనం వందేళ్ల ముందుకు నిమిషాలతో సహా లెక్క కట్టగలిగినది. మన పంచాంగకర్తలు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. అలాగని ఆ రోజు కన్సోల్ ముందున్నవాళ్ల మీదకు నెట్టడమూ అన్యాయమే. మన దేశంలో ఎవరూ అంతకు ముందు ఇన్ని పనులు చేసే ఉపగ్రహాన్ని నడపలేదు. తెరచాప లేని ఉపగ్రహం ఎలా ప్రవర్తిస్తుందో ఏ చేతిపుస్తకంలోనూ లేదు. నా తీర్పు ఇది: తెరచాప తెరుచుకోని రోజునే ఆపరేషన్ నియమాలన్నీ తిరగరాయాల్సింది. ఉపగ్రహం మారింది, నియమాలు మారలేదు. ఒక దెబ్బ తిన్నదానికి రెండో దెబ్బ తట్టుకునే పొదుపు ఉండదు.

నా రాత్రి షిఫ్టు

ఇది పుస్తకంలో చదివిన పాఠంగానే ఉండిపోయేది. కానీ సర్వీసులో చేరిన మూడో ఏట, పేరు చెప్పనక్కర్లేని ఒక నియంత్రణ గదిలో, నా చేతి మీదుగానే దాదాపు అదే జరగబోయింది. చంద్రుడు అడ్డు వచ్చే సమయాల పట్టిక ప్రతి నెలా అచ్చేసి కన్సోల్ పక్కన అంటించేవాళ్లం. ఆ నెల పట్టిక ప్రపంచ కాలమానంలో, అంటే మన సమయానికి అయిదున్నర గంటలు వెనక నడిచే లెక్కలో ఉంది. నేను దాన్ని మన సమయంగా చదివాను. తెల్లవారుజామున ఒక అంకె వణకడం మొదలైంది. రోల్ దోషం, అంటే ఉపగ్రహం పక్కకు ఒరిగిన కొలత, మామూలుగా డిగ్రీని నూరు వంతులు చేస్తే ఒకటీ రెండు వంతులకు మించనిది ఒక్కసారిగా పది వంతులు దాటింది. నేను సెన్సర్ చెడిపోయిందనుకున్నాను. మా సీనియర్ ఆవిడ నా వెనక నిలబడి గోడ గడియారం కేసి చూసి, "నాయనా, అది చెడిపోలేదు. చంద్రుణ్ణి చూస్తోంది. కన్ను మూయించు" అన్నారు. ఒక్క కమాండ్ పంపాం. అంకె నిలకడపడింది. ఆ తర్వాత ఆవిడ లాగ్ బుక్‌లో తన చేత్తో రాసింది నాకు ఇప్పటికీ కంఠస్థం: "చంద్రుడు. సకాలంలో. ఇంధనం ఖర్చు సున్నా."

ఆ రోజు నుంచి నా షిఫ్టుల్లో పట్టిక మన సమయంలోనూ ప్రపంచ సమయంలోనూ పక్కపక్కనే రాయిస్తున్నాను.

1బి: పూర్తిగా విచ్చుకున్నది

1983 ఆగస్టు 30న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ షటిల్ రాత్రి పూట ఎగిరింది. షటిల్ చరిత్రలో అదే తొలి రాత్రి ప్రయోగం. మరుసటి రోజు దాని పొట్టలోంచి ఇన్‌శాట్-1బి బయటికి వచ్చింది. ఈసారి మొరాయించింది సోలార్ ప్యానెల్. సెప్టెంబరు మధ్య దాకా అది పూర్తిగా తెరుచుకోలేదు. ఆ రెండు వారాలు హసన్‌లో ఎలా గడిచి ఉంటాయో ఊహించగలను. ఏడాది కిందటే ఒకదాన్ని కోల్పోయిన చేతులు అవి. చివరికి తెరుచుకుంది. అక్టోబరులో సేవ మొదలైంది.

ఆ తర్వాతి కథ మీలో చాలామంది ఇంట్లోనే జరిగింది. 1984లో దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు రోజుకొకటి చొప్పున వెలసిన నెలలున్నాయి. ప్రతి దానికీ కార్యక్రమం వచ్చేది 1బి నుంచే. రెండు వైపులా మాట్లాడే నాలుగు వేలకు పైగా టెలిఫోన్ దారులు దాని గుండా వెళ్లేవి. వాతావరణ వార్తల్లో మేఘాల చిత్రం కనబడటం మామూలు విషయమైంది. ఆ వివరాల్లోకి వెళ్లను. నా కేసుకు కావలసింది దాని వయసు.

ఆయుష్షు అనే అంకెను ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. తయారు చేసినవాడికి అది హామీ: ఏడేళ్ల దాకా పరికరాలు చెడవు, ఏడేళ్లకు సరిపడా ఇంధనం పోశాను అని. నడిపేవాడికి అది కరిగిపోతున్న నిల్వ. మిగిలింది ఎంతో చూడటానికి మోటారు సైకిల్ ట్యాంకు మూత తీసినట్లు తీసి చూడలేం. భారరహిత స్థితిలో ట్యాంకులో ద్రవం ఎక్కడ తేలుతోందో కూడా తెలియదు. మేం చేసేది పద్దు రాయడమే. ఏ రోజు ఏ థ్రస్టర్ ఎన్ని సెకన్లు వెలిగింది, సెకనుకు ఎంత పోయింది, ఇప్పటి దాకా మొత్తం ఎంత. పక్కన ట్యాంకు పీడనం, ఉష్ణోగ్రత చూసి ఇంకో లెక్క కడతాం. రెండు లెక్కలూ సరిగ్గా కలవవు. కొత్త ఉపగ్రహంలో రెండు మూడు కిలోల తేడా ఎవరికీ పట్టదు. ఆఖరి ఏడాదిలో అదే తేడా మూడు నెలలో, రెండు నెలలో. అప్పుడు మా గదిలో వాదనలు పెరుగుతాయి, గొంతులూ పెరుగుతాయి.

ఒక్క ఉపగ్రహం మీద దేశం

ఇన్‌శాట్-1 కేసులో అసలు పాఠం నాకు కనబడేది 1989, 1990లో. దీన్ని ఎవరూ తగినంత నొక్కి చెప్పలేదని నా ఫిర్యాదు.

1988 జులైలో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద 1సి వెళ్లింది. వెళ్లిన కొద్ది రోజులకే విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చి సగం శక్తితో మిగిలింది. 1989 నవంబరులో అదీ భూమి పట్టు తప్పి చేజారింది. దాని తర్వాత రావలసిన 1డి అప్పటికే కక్ష్యలో ఉండాల్సింది. 1989 జూన్‌లో ప్రయోగానికి సిద్ధం చేస్తుండగా కేప్ కెనావరల్‌లో క్రేన్ కొక్కెం మీద పడి దెబ్బతింది. మరమ్మతుకు కాలిఫోర్నియా తీసుకెళ్లారు. అక్టోబరులో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది, ఉపగ్రహానికి మళ్లీ దెబ్బ తగిలింది. చివరికి 1990 జూన్ 12న ఎగిరింది.

లెక్క చూడండి. 1989 నవంబరు నుంచి 1990 జూన్ దాకా ఇంత పెద్ద దేశానికి సొంత భూస్థిర ఉపగ్రహం ఒక్కటే, 1బి. ఏడేళ్ల ఆయుష్షులో ఆరేళ్లు దాటిన ముసలిది. పక్కన అండగా మరొకటి లేదు.

ఆయుష్షును ఒక్కో ఉపగ్రహానికి విడివిడిగా లెక్కించడం తప్పని నేను అనేది అందుకే. లెక్కించవలసింది ఒకదానిపై మరొకటి ఎన్నాళ్లు కలిసి ఉంటాయన్నది. పాత ఉపగ్రహం ఉండగానే కొత్తది వచ్చి పక్కన చేరి, పని నేర్చుకుని, ఆ తర్వాత పాతది తప్పుకోవాలి. కొత్తది ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందనుకుని పాతదాని ఇంధనం దాచాలి. ఎలా దాచాలి? మామూలుగా ఉపగ్రహాన్ని డిగ్రీలో పదో వంతు హద్దులో, అంటే సుమారు 74 కిలోమీటర్లు ఇటూ అటూ, కట్టి ఉంచుతాం. ఆఖరి దశలో ఉత్తర దక్షిణాల కట్టు వదిలేయొచ్చు. ఉపగ్రహం రోజూ ఎనిమిది అంకె ఆకారంలో ఊగుతుంది. పదకొండు మీటర్ల పెద్ద యాంటెన్నాలున్న కేంద్రాలు దాని వెంట తిరగాలి. కానీ ఊళ్లలోని మూడున్నర మీటర్ల వల యాంటెన్నాలకు ఎస్-బ్యాండ్‌లో చూపు రెండు డిగ్రీలకు పైగా వెడల్పు. ఉపగ్రహం ఒక డిగ్రీ ఊగినా వాటికి అందుతూనే ఉంటుంది. అంటే అవసరం వస్తే పెద్దవాళ్లు కష్టపడాలి, పల్లెకు సేవ ఆగకూడదు. ఖర్చు తగ్గించేటప్పుడు ఎవరి మీద భారం వేస్తున్నామో చూసుకోవడం కూడా ఇంజనీర్ పనే.

ఆ పల్లె యాంటెన్నాల్లో ఒకదాని కింద నేను నిలబడి ఉన్నాను.

1990 మే

మాది బందరుకు దిగువన, సముద్రానికి ఏడెనిమిది మైళ్ల దూరంలోని ఊరు. మా నాయనమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆమె తమ్ముడి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. పది వేలకు పైగా మనుషులు పోయిన రాత్రి అది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పెద్దవాళ్లు ఆ రాత్రి గురించి మాట్లాడుకుంటూ పదేపదే అన్న మాట ఒకటే, ముందు ఎవరూ చెప్పలేదని.

ఆ తర్వాత ఎనభైల నడుమ, ఇన్‌శాట్ ఎస్-బ్యాండ్ ద్వారా తుపాను హెచ్చరికలు నేరుగా తీరానికి పంపే ఏర్పాటు చేశారు. మద్రాసులోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి సందేశం పైకి వెళ్లేది. ఉపగ్రహం దాన్ని తీరంలోని పెట్టెలకు దించేది. ఏ జిల్లాకు హెచ్చరికో ఆ జిల్లా సంకేతం పంపితే అక్కడి పెట్టెలు మాత్రమే మేలుకునేవి. ముందు సైరన్, తర్వాత స్థానిక భాషలో మాట. దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లో మొదట పెట్టారు. టెలిఫోన్ స్తంభాలు కూలినా, రోడ్లు తెగినా ఇది పని చేసేది, ఎందుకంటే దాని దారి ఆకాశంలో ఉండేది.

అలాంటి పెట్టె ఒకటి మా మండల రెవెన్యూ కార్యాలయంలో ఉండేది. బూడిద రంగు పెట్టె, ముందు చిన్న ఎర్ర దీపం, కింద బ్యాటరీ. డాబా మీద వల యాంటెన్నా. దాని ఆలనాపాలనా చూసేది ఒక అటెండరు గారు. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచేవారు. నేను ఇంజనీరింగ్ చదువుతూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చి, కుతూహలం కొద్దీ వెళ్లి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి.

మే మొదటి వారంలో సైరన్ మోగింది. నాకు చెవులు గింగిరాలెత్తాయి. ఆయన మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నారు. తర్వాత గొంతు వచ్చింది, స్పష్టమైన తెలుగులో. ఆయన ఒక్కో మాట రాసుకున్నారు. రాయడం అయ్యాక, "బాబూ, ఇది పరీక్ష మోత కాదు. మన జిల్లాను పిలిచి చెబుతోంది" అని లేచి ఎమ్మార్వో గారి గది వైపు పరుగు తీశారు. ఆ తర్వాత రెండు రోజులు అది మోగుతూనే ఉంది.

ఇంటికి వచ్చి చెబితే మా నాయనమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఆ ఏడు ఎవరూ చెప్పలేదురా. ఈసారి చెబుతున్నారు, పద" అని పెట్టె సర్దింది. ఊరంతా లారీల్లో బయలుదేరింది.

మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తుపాను తీరం దాటింది. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించగలిగారు. అయినా దాదాపు వెయ్యి మంది పోయారు. ఆ సంఖ్యను చిన్నదని నేను ఎప్పటికీ అనను. 1977 పక్కన పెట్టి చూసినవాడికి మాత్రం ఆ తేడా అర్థమవుతుంది. ఈ ఘనత ఉపగ్రహానిది ఒక్కదానిదే కాదు. రేడియో ఉంది, బస్సులు నడిపిన డ్రైవర్లున్నారు, ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టిన గ్రామోద్యోగులున్నారు, బలవంతంగానైనా ఎక్కించిన పోలీసులున్నారు. కానీ తుపాను కదలికను మేఘచిత్రాల్లో గంటగంటకూ చూపించిందీ, ఆ హెచ్చరికను పెట్టె దాకా తెచ్చిందీ ఆరేళ్ల ఎనిమిది నెలల వయసున్న ఆ ఒక్క ఉపగ్రహమే. 1డి ఇంకా నేల మీదే ఉంది. అది ఎగరడానికి నెల రోజులు ఉంది.

1982లో 1ఎకు జరిగినట్లు ఏ రాత్రి అయినా ఎవరైనా చంద్రుడి పట్టిక తప్పుగా చదివి ఉంటే? ఏ ఏడాది అయినా ఎవరైనా అయిదు కిలోల ఇంధనం అజాగ్రత్తగా కాల్చేసి ఉంటే? ఆ ఆరేళ్ల ఎనిమిది నెలల్లో హసన్‌లో రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్ల పేర్లు నాకు తెలియవు. వాళ్లలో ఎవరికీ మా నాయనమ్మ సంగతి తెలియదు. నేను ఈ ఉద్యోగంలో చేరడానికి కారణం వాళ్లే.

1992 జులైలో, పూర్తిగా మన దేశంలో తయారైన ఇన్‌శాట్-2ఎ వచ్చి 74 డిగ్రీల చోటు అందుకుంది. 1బి 1993లో సేవ నుంచి తప్పుకుంది. క్రేన్ కొక్కెం, భూకంపం రెండూ తిన్న 1డి ఏడేళ్ల కాగితంతో వెళ్లి దాదాపు పన్నెండేళ్లు పని చేసి 2002 మేలో ఆగింది. ఇప్పుడైతే ఆఖర్లో ఇంకో ఖర్చు కూడా దాచుకోవాలి. పని అయిపోయిన ఉపగ్రహాన్ని రెండు మూడు వందల కిలోమీటర్లు పైకి నెట్టి, దారి ఖాళీ చేసి వెళ్లాలి. దానికి సెకనుకు పదకొండు మీటర్ల వేగం, అంటే సుమారు మూడు నెలల సేవకు సరిపోయే ఇంధనం కావాలి. ఆ మూడు నెలలు కూడా వాడేసుకుందామని పై నుంచి ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండని పిల్లలకు చెబుతాను. తర్వాత అదే చోటికి వచ్చే ఉపగ్రహం కూడా ఎవరో ఒకరి ఊరికి హెచ్చరిక మోయాలి.

తుపాను వెళ్లిన నాలుగో రోజు మేం ఊరికి తిరిగి వచ్చాం. ఇంటి కప్పు లేదు. కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. మధ్యాహ్నం నేను మండల కార్యాలయానికి వెళ్లాను. డాబా మీద వల యాంటెన్నా ఒక పక్కకు ఒరిగి, వల నిండా తాటాకులు చిక్కుకుని ఉంది. అటెండరు గారు, ఆ పెట్టెల పని చూసే టెక్నీషియన్ ఒకాయన దాన్ని నిటారుగా నిలబెడుతున్నారు. నన్ను చూసి, "రా బాబూ, ఈ చివర పట్టుకో" అన్నారు. నేను పట్టుకున్నాను. టెక్నీషియన్ జేబులోంచి దిక్సూచి తీశాడు. దారానికి కట్టిన గుండు వేలాడదీశాడు. దక్షిణం నుంచి పడమటికి 24 డిగ్రీలు, నేల నుంచి పైకి దాదాపు 70. అంగుళం అంగుళం తిప్పుతూ కిందికి అరుస్తున్నాడు. కింద అటెండరు గారు మీటరు మీద నుంచి కన్ను తీయకుండా కూర్చున్నారు.

"ముల్లు లేచిందండీ!" అని వినిపించింది.